గవ్వలు ఎక్కువున్నవాడే పెద్దమనిషా? మెలనీషియా గవ్వల సంపద గురించి

మీరు ఒకే ప్రశ్నలో మూడు అడిగారు. పాపువా న్యూ గినీ, సొలమన్ దీవుల్లో గవ్వల దండలు, చిప్పలు పెద్దరికానికి గుర్తని చదివారు. అవి మన చిల్లిగవ్వల్లాగా పాతకాలపు డబ్బేనా, లేక నగలా? ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లే గొప్పవాళ్లా? అలాంటిది ఒకటి ఇప్పుడు కొనుక్కోవచ్చా? నేను మానవశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి, పాపువా న్యూ గినీలో కొన్నేళ్లు ఉద్యోగం కూడా చేశాను కాబట్టి తెలిసినంత వరకు చెబుతాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఎక్కువమంది పొరబడేది అక్కడే. మెలనీషియాలో, అంటే పసిఫిక్‌లో న్యూ గినీ నుంచి ఫిజీ దాకా ఉన్న ఈ దీవుల్లో, చాలాచోట్ల మనిషి స్థాయిని చూసేది అతని ఇంట్లో ఎన్ని ఉన్నాయని కాదు, అతని చేతుల మీదుగా ఎన్ని పోయాయని. ఇది బాగా కనిపించేది పాపువా న్యూ గినీ పశ్చిమ హైలాండ్స్‌లో, మౌంట్ హాగెన్ చుట్టుపక్కల.

అక్కడివి సముద్రానికి దూరంగా, బాగా ఎత్తులో ఉన్న లోయలు. మెల్పా భాష మాట్లాడే ఆ జనంలో పాత తరాలవాళ్లు సముద్రాన్ని చూసిన పాపాన పోలేదు. అయినా వాళ్లకు అన్నిటికన్నా విలువైన వస్తువు సముద్రపు ముత్యపు చిప్ప. అంచు బంగారు రంగులో ఉండే పెద్ద రకం. దక్షిణ తీరం నుంచి ఊరూరా చేతులు మారుతూ కొండలెక్కి వచ్చేది. దాన్ని నెలవంక ఆకారంలో కోసి, చెట్టు జిగురుతో చేసిన పలక మీద బిగించి, పలకకు జేగురు పూసేవారు. ఎర్రటి పలక మీద మెరిసే చిప్ప. పండగరోజు అలాంటివి వరసగా నేల మీద పరిచి చూపించేవారు.

అలా పరిచి ఇచ్చిపుచ్చుకునే పద్ధతికి పేరు మోకా. రెండు చిప్పలు, ఒక పంది ఇచ్చి మొదలుపెట్టినవాడికి అవతలివాడు తర్వాత ఎనిమిది చిప్పలు తిరిగివ్వాలి. తీసుకున్నంతే తిరిగిస్తే అప్పు తీరుతుంది, అంతే. దాని మీద ఎంత ఎక్కువ ఇచ్చావన్నదే మోకా, పేరొచ్చేది దానికే. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం రాసుకుంటాం కదా, ఎవరు ఎంత చదివించారో చూసుకుని వాళ్లింట్లో శుభకార్యానికి ఇంకాస్త కలిపి ఇస్తాం. ఇదీ దాదాపు అలాంటి లెక్కే. కాకపోతే మనం ఆ పుస్తకం బీరువాలో దాస్తాం, హాగెన్ పెద్దమనిషి ఆ లెక్కను మెడలో వేసుకుని తిరిగేవాడు.

అదే ఓమక్. వెదురును సన్నగా చీల్చి చిన్న చిన్న పుల్లలు చేసి, ఒకదాని కింద ఒకటి అడ్డంగా కట్టుకుంటూ వచ్చేవారు. ఛాతీ మీద వేలాడేది. ఎనిమిది లేదా పది చిప్పల మోకా ఒకటి ఇచ్చినప్పుడల్లా ఒక పుల్ల కలిసేది. ఆ వరస కిందికి పెరిగేకొద్దీ మనిషి పేరు పెరిగినట్టు. గమనించండి, ఆ పుల్లలు చెప్పేది అతని దగ్గర ఉన్న చిప్పల సంగతి కాదు. ఆ చిప్పలన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి, ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉన్నాయో కూడా అతను చెప్పలేకపోవచ్చు. నాకు తెలిసి హోదా గుర్తుల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకోటి లేదు.

ఇక్కడ పెద్దరికం పుట్టుకతో రాదు. తండ్రి పెద్దమనిషైతే కొడుక్కి కొంచెం ముందంజ ఉంటుంది గానీ, ఇచ్చిపుచ్చుకోవడం చేతకాకపోతే ఆ పేరు నిలవదు. మార్షల్ సాలిన్స్ అనే మానవశాస్త్రవేత్త 1963లో రాసిన ఒక వ్యాసంలో, ఇంకా తూర్పున ఉన్న పాలినీషియా దీవుల్లో వంశపారంపర్య దొరలు, మెలనీషియాలో సొంతంగా ఎదిగిన పెద్దమనుషులు అని ఒక విభజన చేశాడు. చదువుకునే పిల్లలకు గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది కానీ, మెలనీషియా అంతటికీ అది సరిపోదు. దాని సంగతి కింద ట్రోబ్రియాండ్ దీవుల దగ్గర వస్తుంది.

హాగెన్ చిప్పల కథ ఎలా ముగిసిందో కూడా తెలుసుకోవాలి. 1933లో మైకేల్ లేహీ, డాన్ లేహీ అనే ఆస్ట్రేలియా అన్నదమ్ములు బంగారం వెతుక్కుంటూ, జిమ్ టేలర్ అనే ప్రభుత్వ అధికారితో కలిసి వాగీ లోయ మీదుగా ఆ ప్రాంతానికి వచ్చారు. తిండికీ, పందులకూ, కూలికీ ఇక్కడ చెల్లేది చిప్పేనని వాళ్లకు త్వరగానే అర్థమైంది. నేల చదును చేయించి, విమానాల్లో తీరం నుంచి చిప్పలు దింపించారు. అంతకుముందు ఒక చిప్ప ఊళ్లోకి వచ్చిందంటే అది పెద్దమనుషుల చుట్టూనే తిరిగేది. వాళ్లకున్న దూరపు పరిచయాలు మామూలు కుర్రాడికి ఉండేవి కావు. ఇప్పుడు ఆ కుర్రాడు తెల్లవాళ్ల దగ్గర కూలికి వెళ్తే చిప్ప చేతికొస్తోంది. మొదట్లో దీనివల్ల మోకా పంపకాలు ఇంకా పెద్దవయ్యాయి, అందరి దగ్గరా సరుకుంది కదా. తర్వాత మిషనరీలు, ప్రభుత్వం కూడా చిప్పలు తెచ్చి పోస్తూపోయేసరికి విలువ జారడం మొదలైంది. కాఫీ తోటల డబ్బు వచ్చాక మరీ జారింది. 1970ల నాటికి మోకాలో పందులు, నోట్ల కట్టలు, చివరికి వాహనాలు కూడా కనిపిస్తున్నాయి, చిప్పలు మాత్రం పక్కకు తప్పుకున్నాయి. ఆట ఆగలేదు, అందులో చేతులు మారే సరుకు మారిందంతే.

సరిగ్గా ఆ సమయంలోనే ఆ దేశం తన కొత్త కరెన్సీకి ఈ చిప్ప పేరు పెట్టుకుంది. 1975 ఏప్రిల్ 19న కినా వచ్చింది, సెప్టెంబర్ 16న స్వాతంత్ర్యం. చిల్లర పేరు తోయా, వంద తోయాలు ఒక కినా. తోయా కూడా గవ్వ సొత్తే. పోర్ట్ మోర్స్‌బీ తీరంలోని మోటు జనం శంఖు జాతి గుల్లతో చేసుకునే దండకడియం అది. మోటు ఆడవాళ్లు చేసిన కుండలూ ఈ కడియాలూ పెద్ద పడవలకెక్కించి పశ్చిమాన గల్ఫ్ ప్రాంతానికి వెళ్లి, సాగో పిండి, పడవలకు పనికొచ్చే దుంగలు తెచ్చుకునేవారు. ఆ యాత్రే హిరి. మోటు పెళ్లిళ్లలో పెళ్లికొడుకు వైపువాళ్లు ఇచ్చే ఓలిలో కూడా తోయా ఉండేది. ఇప్పటి కినా నాణేనికి మధ్యలో చిల్లు ఉంటుంది, చేతికొస్తే చూడండి.

ఇంతవరకు చదివి, అయితే దాచుకోవడం అనేదే ఉండదన్నమాట అనుకోకండి. పాపువా న్యూ గినీకే చెందిన న్యూ బ్రిటన్ దీవి తూర్పు కొసలో, రబౌల్, కొకొపో ఊళ్ల చుట్టుపక్కల టోలై జనం ఉంటారు. వీళ్ల గవ్వ సొత్తు పేరు తబు. నాసా జాతికి చెందిన చిన్న నత్తగుల్ల, చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాని వీపు మీది బొడిపెను కొట్టేస్తే చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి సన్నగా చీల్చిన పేము గుచ్చి, గుల్లలను పక్కపక్కనే బిగువుగా ఎక్కిస్తారు. కొలత రెండు చేతులూ చాపినంత, అంటే మన బార. వాళ్లు దాన్ని పొకోనో అంటారు. పూర్వం ఈ గుల్లల కోసం పశ్చిమాన నకనాయ్ తీరం దాకా పడవల్లో వెళ్లేవారు.

బారలు బారలుగా కూడిన తబును గుండ్రంగా చుట్టి, ఆకులతో గట్టిగా కట్టి పెద్ద చక్రాలు చేస్తారు. దాని పేరు లోలోయ్. ఒక్కో చక్రాన్ని ఒక్క మనిషి ఎత్తలేడు. ఇది దాచుకోవడమే, సందేహం లేదు. పెద్దమనిషి ఇంట్లో ఎన్ని లోలోయ్‌లు ఉన్నాయో చుట్టుపక్కలందరికీ ఓ అంచనా ఉంటుంది. అయితే ఎప్పటిదాకా దాస్తాడు? చచ్చేదాకా. అతను పోయినప్పుడు ఆ చక్రాల కట్లు తెగ్గోసి, తబు ముక్కలు చేసి, కర్మకు వచ్చినవాళ్లందరికీ పంచిపెడతారు. ఎంత పంచారన్నదాన్ని బట్టి పోయినవాడి పేరూ, పంచిన వారసుల పేరూ నిలుస్తాయి. తబు పంచకుండా సాగనంపితే ఆ మనిషి ఆత్మకు మంచి చోటు దొరకదని పాత నమ్మకం. ఒక టోలై ముసలాయనకు తన చావుకు సరిపడా తబు లేకపోవడం మించిన టెన్షన్ ఉండదు.

మీ మొదటి ప్రశ్నకు, డబ్బా నగా అన్నదానికి, టోలైల దగ్గర జవాబు తేలిక: డబ్బే. చిన్న ముక్క తెంచి ఇచ్చి సంతలో ఆకూ కూరా కొనుక్కోవచ్చు. టుబువాన్ అనే ముసుగుల రహస్య సమాజంలో మెట్టు ఎక్కడానికి కట్టాల్సిందీ తబే, ఓలి ఇచ్చేదీ తబే, తప్పుకు జరిమానా కట్టేదీ తబే. జర్మన్ల హయాంలో, 20వ శతాబ్దం మొదట్లో, యూరోపియన్ వర్తకులు తబుతో బేరాలాడకూడదని నిషేధం పెట్టారు. కొబ్బరి కొనాలంటే వర్తకుడు ముందు టోలైల దగ్గర తబు సంపాదించుకోవాల్సి రావడం పాలకులకు నచ్చలేదు. టోలైలు తమలో తాము వాడుకోవడం మాత్రం ఆపలేదు, ఇప్పటికీ ఆపలేదు. 2000ల మొదట్లో ఆ రాష్ట్ర ప్రభుత్వం స్థానిక పన్నులకు తబు తీసుకోవడం గురించి చురుగ్గా ఆలోచించింది కూడా.

మన గవ్వల సంగతి అడిగారు కాబట్టి ఒక మాట. మనదేశంలో చెలామణి అయిన గవ్వలు మాల్దీవుల నుంచి వచ్చేవి, అవి అచ్చంగా చిల్లర. పక్కనున్న ఒడిశాలో కంపెనీవాళ్లు శిస్తు గవ్వల్లో కాకుండా వెండిలో కట్టమనడం 1817 పాయిక తిరుగుబాటుకు ఒక కారణం. అంటే వాటికీ గొప్ప చరిత్ర ఉంది. కానీ ఫలానా గవ్వ ఫలానా రాజు చేతిలోంచి వచ్చిందని ఎవరూ చెప్పుకోలేదు. మెలనీషియా గవ్వ సొత్తులో అసలు ప్రత్యేకత ఆ చెప్పుకోవడంలోనే ఉంది.

దానికి అందరూ ఇచ్చే ఉదాహరణ కులా. పాపువా న్యూ గినీ తూర్పు కొసన మిల్న్ బే ప్రాంతంలో ట్రోబ్రియాండ్, కితావా, డోబు వగైరా దీవులన్నిటినీ చుట్టే ఇచ్చిపుచ్చుకోలు వలయం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ ఉండిపోయిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మలినోవ్‌స్కీ 1922లో దాని మీద పుస్తకం వేశాక ప్రపంచానికి తెలిసింది. సౌలవ అనే ఎర్ర చిప్ప బిళ్లల హారాలు గడియారం ముల్లు తిరిగే దిక్కులో దీవి నుంచి దీవికి పోతుంటాయి. మ్వాలి అనే తెల్ల శంఖు గుల్ల దండకడియాలు ఎదురు దిక్కులో వస్తుంటాయి. హారం ఇచ్చినవాడికి కడియం, కడియం ఇచ్చినవాడికి హారం. వీటితో యామ్ దుంప కూడా కొనలేరు. దుంపలూ కుండలూ అమ్ముకునే మామూలు బేరాన్ని గిమ్వాలి అంటారు. కులాలో బేరమాడినవాణ్ణి ఇదేమన్నా గిమ్వాలి అనుకున్నావా అని ఎగతాళి చేస్తారు.

పోనీ నగలా అంటే అదీ కాదు. మలినోవ్‌స్కీ చూసిన కడియాల్లో చాలామటుకు పిల్లల చేతికి కూడా పట్టనంత చిన్నవి. పెద్ద పేరున్న కడియం ఏడాదికోసారైనా ఎవరి చేతికీ ఎక్కదు. మరి దేనికి? దానికో పేరుంటుంది, ఇంతకుముందు ఎవరెవరి దగ్గర ఉందో, దాని కోసం ఎవరెవరు సముద్రం దాటారో ఒక కథ ఉంటుంది. అది నీ దగ్గరున్న ఆర్నెల్లో ఏడాదో నీ పేరు ఆ కథలో చేరుతుంది. తర్వాత ఇచ్చేయాలి. పట్టుకుని కూర్చుంటే పిసినారి అన్న మాట వలయమంతా పాకుతుంది. నువ్వు ఎప్పుడూ అడుగుపెట్టని దీవిలో కూడా నీ గురించి మాట్లాడుకుంటారు, మంచైనా చెడైనా.

ఇచ్చే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఇచ్చేవాడు దాన్ని గౌరవంగా చేతికందించడు. నేల మీద పడేస్తాడు, ఏదో మిగిలిపోయిన పనికిరాని సరుకన్నట్టు మాట్లాడతాడు. పుచ్చుకునేవాడు కూడా పట్టనట్టు మొహం పెడతాడు. ఇద్దరికీ తెలుసు ఆ వస్తువు కోసం ఎన్ని నెలలుగా పందులూ దుంపలూ ముందస్తు కానుకలుగా పంపుకున్నారో, ఎన్ని మంత్రాలు చదివారో.

ఇక్కడే సాలిన్స్ విభజన బెడిసికొట్టేది. ట్రోబ్రియాండ్ దీవుల్లో వంశపారంపర్య దొరలున్నారు, కిరివినాలోని తబాలు వంశం అన్నిటికన్నా పెద్దది. మామూలు మనిషికి కులా భాగస్వాములు కొద్దిమందే, దొరకు వందకు పైనే. మంచి సరుకు సహజంగానే అక్కడికి చేరుతుంది. అంటే పుట్టుక తలుపు తీస్తుంది. ఆ తర్వాత పేరు నిలబడేది మాత్రం ఇచ్చిపుచ్చుకునే నేర్పు మీదే.

మలినోవ్‌స్కీ తర్వాత వెళ్లినవాళ్లు రెండు ముఖ్యమైన సంగతులు చేర్చారు. ఒకటి, అన్ని గవ్వలూ ఊరికే తిరగవు. కొన్నిటికి సొంతదారుడు ఉంటాడు, వాటిని కితూం అంటారు. కావాలంటే వలయంలోంచి బయటికి తీసి పడవ కొనడానికో, ఇంకో బాకీకో వాడుకునే హక్కు అతనికుంది. రెండోది ఆడవాళ్ల సంపద. ట్రోబ్రియాండ్ ఊళ్లలో ఒకరు పోయినప్పుడు ఆడవాళ్లు ఎండిన అరటాకుల కట్టలూ, పీచు లంగాలూ కుప్పలు పోసి పంచుతారు. వంశం పరువు నిలిచేది ఆ పంపకంలోనే. అన్నేళ్లు అక్కడే ఉండి కూడా మలినోవ్‌స్కీ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1970ల్లో యానెట్ వైనర్ అనే ఆవిడ వెళ్లి రాసేదాకా బయటివాళ్లకు దాని బరువు తెలియలేదు. నన్నడిగితే కులా గురించి ఎవరైనా మగవాళ్ల పడవల సంగతే చెప్పి ఆపేస్తే సగం చెప్పినట్టే.

కులా వలయానికి తూర్పున రాసెల్ దీవి ఉంది. అక్కడి ఎందప్ అనే చిప్ప ముక్కల వ్యవహారం వేరే. 1921లో అక్కడికి వెళ్లిన ఆర్మ్‌స్ట్రాంగ్ అనే మానవశాస్త్రవేత్త ఆ ముక్కల్లో 22 తరగతులున్నాయని రాశాడు. చిన్న తరగతివి ఎన్ని పోగేసినా పై తరగతిది ఒకటి కాదు. ఫలానా కార్యానికి ఫలానా తరగతి ముక్కే కనిపించాలి. అట్టడుగువి అందరి దగ్గరా ఉంటాయి. పైవి లెక్కకు కొన్నే, అవి దేవతలనాటివని నమ్మకం, పెద్దల ఆధీనంలో ఉంటాయి. వాటికి ఎండ తగలనివ్వరు, చుట్టిపెట్టి ఉంచుతారు. అలాంటిది కావాల్సినవాడు పెద్దాయన దగ్గర అరువు తెచ్చుకోవాలి. ఇక్కడ పెద్దరికం పంచిపెట్టడం వల్ల వచ్చేది కాదు, అరువివ్వగలగడం వల్ల వచ్చేది. పైన నేను చెప్పిన సూత్రానికి ఇది ఎదురు ఉదాహరణ, కాబట్టి దాన్ని మెలనీషియా మొత్తానికి రాసిపెట్టుకోకండి.

సొలమన్ దీవుల్లో మలైటా పేరు ముందు చెప్పాలి. పడమటి తీరాన లంగలంగ మడుగులో, రాళ్లు పేర్చి కట్టుకున్న దిబ్బల మీద కాపురముండే జనం ఈ గవ్వ సొత్తు తయారీలో ఆరితేరినవాళ్లు. తెలుపు, నలుపు, ఎరుపు, నారింజ, ఒక్కో రంగుకు ఒక్కో చిప్ప. చిప్పను పగలగొట్టి, గుండ్రంగా చెక్కి, మధ్యలో తొలిచి, దారానికెక్కించి, మొత్తం దండను రాతి మీద రుద్ది అంచులు నున్నగా చేస్తారు. అన్నిటికన్నా ఖరీదైంది ఎరుపు. ఆ చిప్ప ముక్కలను వేడి రాళ్ల మీద కాలిస్తే రంగు తేలుతుంది. ఎక్కువ కాలితే చెడుతుంది, అందుకే అది అనుభవమున్న ఆడవాళ్ల చేతిపని. ఇప్పుడు కరెంటు డ్రిల్లులు కూడా వాడుతున్నారు. పది పేటలు కలిపితే ఒక తఫులియే. పెళ్లిలో ఓలిగా వియ్యంకుల ఇంటికి వెళ్లేది అదే. కొట్లాటలో ఒకరిని గాయపరిచినా, మాట తూలినా రాజీకి చెల్లించేది కూడా అదే. నగదు కూడా చేరుతుంది, కానీ నోట్లు మాత్రమే పెట్టి తఫులియే పెట్టకపోతే పెద్దలు పెదవి విరుస్తారు. ఇక్కడ హోదా ఒక్క మనిషిది కాదు. ఓలికి కావాల్సిన దండలు చుట్టాలందరూ తలా ఒకటి తెచ్చి కలుపుతారు కాబట్టి, వేలాడదీసిన దండల్లో కనిపించేది ఆ కుటుంబం పరపతి.

సొలమన్ దీవుల పడమటి వైపు, రోవియానా ప్రాంతంలో, భూమిలో శిలాజమైపోయిన రాక్షస చిప్పల (జయింట్ క్లామ్) నుంచి ఉంగరాలు కోసేవారు. ఇసుకా నీళ్లూ పోస్తూ తీగతో కోయడమంటే ఎంత కాలం పట్టేదో ఊహించుకోండి. దొరల పుర్రెలు భద్రపరిచిన గుడుల్లో వాటి పక్కనే ఈ ఉంగరాలు పెట్టేవారు. న్యూ కలెడోనియాలో కనక్ జనం సన్న గవ్వ పేటలకు తల, ఒళ్లు, కాలు ఉన్నట్టు కూర్చి, పుట్టుకకూ పెళ్లికీ చావుకూ ఇచ్చిపుచ్చుకుంటారు. ఫిజీలో గవ్వ స్థానంలో తిమింగలం పన్ను, తంబువా, ఆ మర్యాదలన్నీ చేస్తుంది. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఉన్నారు, వాళ్లెవరైనా ఇది చదువుతుంటే తంబువా గురించి నాకన్నా బాగా చెప్పగలరు.

ఇక కొనుక్కోవడం సంగతి. లంగలంగ దండలు కొత్తవి సొలమన్ దీవుల రాజధాని హొనియారా సంతలో, మలైటాలోని ఔకీలో అమ్ముతారు, చేసినవాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి, నిశ్చింతగా కొనండి. మెడలో వేసుకునే చిన్న పేటలు చాలు. తఫులియే మొత్తం కొంటే ఇంట్లో తగిలించుకోవడం తప్ప చేసేదేమీ లేదు. పాత మ్వాలి, సౌలవ, హాగెన్ చిప్ప పలకలు, రోవియానా ఉంగరాల జోలికి మాత్రం ఆన్‌లైన్ వేలాల్లో వెళ్లొద్దు. పాపువా న్యూ గినీ నుంచి పాత సాంస్కృతిక వస్తువులు బయటికి తేవాలంటే అక్కడి నేషనల్ మ్యూజియం అనుమతి కావాలి. రాక్షస చిప్ప, అంటే ట్రైడాక్నా, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో కూడా ఉంది. కాగితాలు లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. అమ్మేవాడు ఇది ఫలానా దొరదని కథ చెబితే, ఆ కథకు కాగితమేదని ముందు అడగండి.